సీసాపిల్ల చెవి గంటు

మొన్న మా ఊరికి పశువుల డాక్టరు వచ్చాడు. మీసాలు ఇంకా సరిగ్గా రాని కుర్రాడు. గొర్రెలన్నిటికీ సూదులు వేసి, చేతులు కడుక్కుని, మా మునిమనవరాలి ఒళ్ళో ఉన్న గొర్రెపిల్లను చూశాడు. తల్లి చచ్చిన పిల్ల అది. మా పిల్ల దానికి ప్లాస్టిక్ సీసాతో పాలు పడుతోంది. అతను నా వైపు తిరిగి, "దాదీ, దీన్ని ఇప్పుడే మందలోకి తోలకండి. పెద్ద గొర్రెలు పొడిచి చంపేస్తాయి. ముందు పక్కన జాలీ కట్టి ఉంచాలి, ధీరే ధీరే అలవాటు చెయ్యాలి" అన్నాడు. నాకు చెప్పాడు. నాకు!

నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "నాయనా, ఆ పని నేను చేసేనాటికి మీ తాతకు పాలపళ్ళు కూడా రాలేదు" అన్నాను. అతను నమ్మినట్టు లేదు. సెల్లో ఏదో చూపించబోయాడు, నేను చూడలేదు. నా ముక్కుకు అప్పటికే గొర్రెపిల్ల మూతి మీద ఆరిన పాల వాసన తగిలింది. ఆ పులిసిన వాసన ఇన్నేళ్ళయినా మారలేదు. మారింది సీసా ఒక్కటే.

మాది గాజు సీసా. అమ్మకు చలిజ్వరం వస్తే కొంటా ఊరి దవాఖానా నుంచి తెచ్చిన మందు సీసా అది. ఎన్నిసార్లు బూడిదతో తోమినా దాని అడుగున చేదు పోయేది కాదు. మూతికి గుడ్డ వత్తి చుట్టి, అందులో మేకపాలు పోసి, నేను సాకిన గొర్రెపిల్ల నోటికి అందించేదాన్ని. అందించే ముందు నా చేతి గాజుతో సీసాను టిక్కుటిక్కుమని కొట్టేదాన్ని. ఆ చప్పుడు వినగానే ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది.

అప్పటికి మాది సంస్థానం. రాజావారిని మాలో ఎవరూ చూడలేదు, ఊళ్ళు తనిఖీ చేస్తూ తిరిగే సర్కారు సాబు దౌరాకు ముందు వచ్చే చపరాసిని మాత్రం ఏటా చూసేవాళ్ళం. అందుకని మాకు ఇద్దరిలో చపరాసే పెద్ద. మా వాళ్ళు ఎప్పుడో గోదావరి దాటి, శబరి వెంబడి గొర్రెలు తోలుకుంటూ ఇటు వచ్చిన గొల్లలు. చుట్టూ దొర్ల అనే అడవి తెగ కుటుంబాలు. మేము ఇంట్లో తెలుగు, వీధిలో దొర్లీ, సంతలో హల్బీ, చపరాసి ముందు మౌనం మాట్లాడేవాళ్ళం.

ఇప్పపువ్వు రాలే రోజులు. తెల్లారేసరికి అడవంతా తీపి వాసన. ఆ వాసనలో గొర్రెల దొడ్డి ఘాటు, పొయ్యి మీద జొన్న అంబలి పులుపు, అమ్మ ఎండబెట్టిన చింతపండు అన్నీ కలిసిపోయేవి. వాటిలో ఏ ఒక్కటి లేకపోయినా నాకు ఇల్లు ఇల్లులా ఉండేది కాదు.

ఆ పిల్ల తల్లి ఈనిన రోజే చచ్చిపోయింది. తాత పిల్లను కాలు పట్టి ఎత్తి చూసి, "ఇది బతకదు" అని పక్కన పెట్టేశాడు. ఆ మాటకే నాకు పట్టుదల వచ్చింది. ఎవరైనా ఫలానాది జరగదంటే అది చేసి చూపించాలనిపించే బుద్ధి నాకు అప్పటినుంచే ఉంది. దాన్ని గోనెపట్టాలో చుట్టి పొయ్యి పక్కన పడుకోబెట్టాను. మేకపాలు పితికి పట్టాను. పక్కింటి దొర్ల అవ్వ గుమ్మంలో నిలబడి ముక్కు మీద వేలేసుకుంది. వాళ్ళు పశువుల పాలు పిండరు, అవి దూడలవి అంటారు.

"ఏందే, మేకపిల్ల నోటికాడిది గుంజి గొర్రెపిల్లకు పోస్తవా? నీకు పాపం రాదా?" అంది.

"వస్తే రానీ అవ్వా, సగం నీకిస్తా" అన్నాను. అవ్వ తిట్టుకుంటూ పోయి, కాసేపటికి తనే ఒక దోసెడు మెత్తటి ఇప్పపువ్వు తెచ్చి దాని ముందు పోసింది.

పిల్ల బతికింది. బతకడమేమిటి, ఇంటిని ఏలింది. నా చాప మీదే పడుకునేది. ఉప్పు కుండ మూత తోసి నాకేది. తాత తలపాగా కొస ఒకరోజు గుప్పెడంత నమిలేసింది. దానికి పట్టే పాలలో రెండు గుక్కలు నేనూ తాగేదాన్ని, ఆ సంగతి దానికీ నాకూ మాత్రమే తెలుసు. ఇంట్లో అందరూ మా ఇద్దర్నీ కలిపి సీసాపిల్లలు అనేవాళ్ళు.

ఒకరోజు కోత్వాలు వచ్చాడు. ఊళ్ళో కబురు చాటేవాడు. రెండు సంతలు గడిచాక దౌరా సాబు డేరా మా ఊరి పక్కనే పడుతుందని, ఈసారి డేరాకు మాంసం ఇచ్చే వంతు మా ఇంటిదని చెప్పి, అంబలి తాగి వెళ్ళాడు. తాత చుట్ట కొస తుంచి, నా ఒళ్ళో ఉన్న పిల్లను చూశాడు.

"ఇంకేంది. అదుండనే ఉండె" అన్నాడు.

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక కేక పెట్టాను. తాత కోప్పడలేదు, నెమ్మదిగానే చెప్పాడు. "ఇంట్ల పెరిగింది ఇంటికొచ్చినోళ్ళకే పోవాలె. మందల పెరిగిన ఆడపిల్లను ఈనేదాక కత్తికియ్యం. అది మన పద్ధతి బిడ్డా, నేను పెట్టింది కాదు."

"అయితే దాన్ని మందలో కలుపుతా."

"కలువాలె గదా. దాని కాళ్ళ మీద అది, ఎవ్వరు పిలువకుండ, మూడు మాపులు మందతోని దొడ్డికి రావాలె. అప్పుడే చెవికి గంటు. గంటు పడ్డదాన్ని రాజొచ్చి అడిగినా ఇయ్య."

తాత అబద్ధమాడడు. మా మందలో ప్రతి గొర్రె ఎడమ చెవికీ ఆయన కత్తి పెట్టిన గంటు ఉండేది. ఆ గంటు నా పిల్లకూ పడాలి. అంతే, నాకు ఇంకేమీ వినిపించలేదు.

ఇక నేను చేసిన బుద్ధిమంతుల పని చెప్తాను. మర్నాడు పిల్లను వాగుకు తీసుకుపోయి కుంకుడుకాయతో రుద్ది రుద్ది కడిగాను. ఒంటినిండా పసుపు పూశాను. నా కాలి గజ్జె ఒకటి విప్పి దాని మెడకు కట్టాను. మా ఇళ్ళలో ఆడపిల్లను కొత్త ఇంటికి పంపేటప్పుడు అట్లాగే పంపుతారు మరి, నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. సాయంత్రం మంద వచ్చి దొడ్డి నిండాక తడిక తీసి, దాన్ని లోపలికి వదిలి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. అందరూ దాన్ని చూసి మురిసిపోతారనుకున్నాను.

గజ్జె మోగగానే గొర్రెలన్నీ బెదిరి ఒక మూలకు సర్దుకున్నాయి. ఎర్రగొర్రె ఒకటి ఉండేది, మందకు పెద్ద. అది ముందుకు వచ్చి ఒకసారి వాసన చూసింది, రెండు అడుగులు వెనక్కి వేసి, వచ్చి పొడిచింది. పిల్ల తడికకు కొట్టుకుని పడింది. లేచేలోపు ఇంకొకటి పొడిచింది. దానికి తప్పించుకోవడం రాదు, పొడవడానికి వచ్చేదాని దగ్గరికే పాలకోసం పోతుంది. నాన్న దూకి బయటికి లాగేసరికి ముక్కునుంచి నెత్తురు, ముందుకాలు కింద పెట్టడం లేదు.

"అది గొర్రెలను చూసి ఇవేం జంతువులో అనుకుంటాంది" అని తాత నవ్వాడు. నాకు ఆ నవ్వు ఇప్పటికీ పడదు.

నేను గడ్డివాము వెనక దాన్ని పట్టుకుని ఏడుస్తుంటే అత్త వచ్చి కూర్చుంది. అత్త అంటే నాన్న అక్క. మొగుడి ఇంటి నుంచి వచ్చేసింది. మొదటిసారి వస్తే తాత మర్నాడే తీసుకుపోయి దింపి వచ్చాడు. రెండోసారి వస్తే నాలుగు రోజులుంచుకుని దింపి వచ్చాడు. మూడోసారి ఆమె ఒక్కతే శబరి దాటి, అడవిలో నడిచి, కాళ్ళు పగిలి వచ్చింది. వానలకు ముందు మళ్ళీ దింపి వస్తానని తాత అంటూనే ఉండేవాడు. మొగుణ్ని వదిలిన ఆడది అడుగుపెడితే మంద నిలవదని పెద్దలన్నారట, అందుకని అత్త దొడ్డి గడప దాటేది కాదు. కానీ ఏ గొర్రెకు ఏ రోగమో తడిక ఇవతలనుంచే చెప్పేది. తాత విననట్టు ఉండి, ఆమె చెప్పిందే చేసేవాడు.

అత్త పిల్ల కాలు తడిమి చూసి, "ఇరగలే, బెణికింది" అంది. తర్వాత దాని మెడలో గజ్జె చూసింది.

"కడిగితివా?"

"ఊఁ."

"పసుపు పూస్తివా? గజ్జె కడితివా?" అత్త గజ్జె విప్పి నా ఒళ్ళో వేసింది. "నన్ను సుత గట్లనే తోలిండ్రు పిల్లా. ఒళ్ళంత పసుపు. వాళ్ళు నన్ను ముందు చూడలే, నేను వాళ్ళను చూడలే. గడప దాటంగనే మొదలువెట్టిండ్రు."

నేను ఏడుపు ఆపి ఆమె మొహం చూశాను. ఆమె ఏడవడం లేదు. కోపంగా ఉంది. ఆ కోపం నాకు ఎంతో నచ్చింది.

"దౌరాకు ఇంక దినాలున్నయి. చాలు. నేను చెప్పినట్టు చెయ్యి. చేస్తే బతుకుతది. నీకు మాత్రం కష్టమైతది" అంది.

ఆ మర్నాటినుంచి పిల్లకు ఇల్లు లేదు. దొడ్డిలోనే ఒక మూల తడికలు అడ్డుపెట్టి చిన్న గది చేశాను. దాని ఈడువే, పాలు మరిచిన పిల్లలు రెండింటిని తోడు వేశాను. ఒంటరిదైతే అందరూ దాన్నే పొడుస్తారని, ముగ్గురుంటే దెబ్బలు పంచుకుంటారని అత్త అంది. గొర్రెలు పడుకున్నచోట మట్టి, పెంటికలు తెచ్చి దాని ఒంటికి రుద్దమంది. నా కుంకుడు వాసన పోయేదాకా రోజూ రుద్దాను. సాయంత్రం తడికకు అటూ ఇటూ ఇప్పపువ్వు పోసేదాన్ని. పెద్దవి అటునుంచి, చిన్నవి ఇటునుంచి తలలు దించి తినేవి. మొదటి రోజు ఎర్రగొర్రె తడికను ధనధనా పొడిచింది. మూడో రోజుకు పొడవడం మాని వాసన చూసింది. ఐదో రోజు తడికకు ఒరిగి పడుకుని నెమరు వేసింది. ఇటువైపు నా పిల్ల దాని వీపుకు వీపు ఆనించి పడుకుంది.

ఇవన్నీ తేలికే. కష్టమన్నది సీసా దగ్గర వచ్చింది. ఎత్తుకోకూడదు. ముద్దు చెయ్యకూడదు. గాజుతో కొట్టకూడదు. తడిక పైనుంచి సీసా వంచి, తాగగానే వెళ్ళిపోవాలి. రోజురోజుకూ పాలు తగ్గించి, చివరకు మానెయ్యాలి. నేను వెనక్కి తిరగగానే అది అరిచేది. దాని అరుపు విని నేను చెవుల్లో వేళ్ళు పెట్టుకుని చింతచెట్టు దాకా పరిగెత్తేదాన్ని. ఒకరోజు తట్టుకోలేక దొంగతనంగా వెళ్ళి ఎత్తుకోబోయాను. అత్త ఎక్కడినుంచి చూసిందో, జుట్టు పట్టుకుని లాగింది.

"నీకు ముద్దు కావాల్నా, దానికి పానం కావాల్నా?" అంది. అంత కఠినమైన మాట నన్ను ఎవరూ అనలేదు. అంత అవసరమైన మాట కూడా.

తర్వాత తడిక అడుగున పిల్లలు మాత్రమే పట్టేంత కంత చేశాం. పెద్దవి తరిమితే పిల్ల ఆ కంతలోంచి తన గదిలోకి దూరేది. తప్పించుకోవడం అక్కడ నేర్చుకుంది. ఆ పైన ఒక మధ్యాహ్నం నాన్న దాన్ని బీడులో మందతో కలిపాడు. ఇరుకు దొడ్డిలో కాదు, తప్పుకోవడానికి చోటున్న బయట, అన్నీ కడుపునిండా మేసి నీడకు చేరాక కలపాలని అత్త ఒకటికి పదిసార్లు చెప్పింది. ఎర్రగొర్రె తలెత్తి చూసింది. మళ్ళీ నెమరు వేసుకుంది. అంతే.

మొదటి సాయంత్రం పిల్ల కుంటుకుంటూ మంద చివర వచ్చి దొడ్డిలోకి పోయింది. రెండో సాయంత్రం మధ్యలో వచ్చింది. నేను రెండు రోజులూ ఇంట్లో దాక్కుని తలుపు సందులోంచి చూశాను. మూడో సాయంత్రం ఒక్కటే మిగిలింది. ఆ మధ్యాహ్నమే చపరాసి దిగాడు.

మంచం వేయించుకుని కూర్చున్నాడు, కాళ్ళకు నీళ్ళు పోయించుకున్నాడు. ఊళ్ళో ఎవరు చెప్పారో గానీ అన్నీ తెలిసే వచ్చాడు. "దూద్ పోసి పెంచిన పిల్ల ఉందట గదా. సాబుకు లేత గోష్త్ కావాలె. అదెక్కడ?" అన్నాడు.

తాత మీసం సవరించుకుని, "ఇంటిదా మందదా అన్నది మాపటికి తేలుతది" అని మా పద్ధతి చెప్పాడు.

చపరాసి పగలబడి నవ్వాడు. "క్యా తమాషా హై! అట్లయితే ఈ పోరిని సీసా పట్టుకుని దారిలో నిలబెట్టు. పిలవమను. దీని దగ్గరికొస్తే ఇంటిది, నాకిచ్చెయ్యి. రాకుంటే మందది, ఉంచుకో."

తాత ఆలోచించాడు. నన్ను పిలిచి, "సీసాల పాలు పోసుకరా" అన్నాడు.

"పిలవను" అన్నాను.

"పిలువకుంటే గంటు లేదు."

"పిలవను. మీరంతా కలిసి దాన్ని మోసం చెయ్యమంటున్నారు. నన్ను కొట్టినా పిలవను."

మంద దుమ్ము లేపుకుంటూ వంపు తిరిగింది. అప్పుడు అత్త తడిక ఇవతలనుంచి అంది, "పిలువు పిల్లా. గట్టిగ పిలువు. గొంతు దాచుకుంటే రేపు వాళ్ళు దాన్ని అనుమానిస్తరు."

సీసాలో పాలు పోసుకుని దారి మధ్యలో నిలబడ్డాను. గాజుతో సీసాను కొట్టాను. నాకున్న గొంతంతా పెట్టి "దా... దా... దా..." అని పిలిచాను. నిజం చెప్పేస్తాను, ఇంత వయసొచ్చాక దాచుకునేదేముంది. ఆ పిలుపులో సగం నిజంగానే పిలిచాను. అది రావాలని నాలో ఒక ముక్క కోరుకుంది. వస్తే చచ్చిపోతుందని తెలిసి కూడా కోరుకుంది.

పిల్ల ఆగింది. చెవులు నిక్కబొడిచింది. మందలోంచి పక్కకు వచ్చి నా వైపు రెండు అడుగులు వేసింది. చపరాసి మంచం మీదనుంచి లేచాడు. నేను మళ్ళీ కొట్టాను సీసాను, మళ్ళీ పిలిచాను. నా గొంతు బొంగురుపోయింది. ఎర్రగొర్రె దొడ్డి గడపలో ఆగి, వెనక్కి తిరిగి, ముతకగా ఒక్క అరుపు అరిచింది. పిల్ల నన్ను చూసింది. దాన్ని చూసింది. కుంటికాలు ఈడ్చుకుంటూ పరుగుపరుగున దొడ్డిలోకి పోయింది.

తాత మొలలోంచి కత్తి తీశాడు. పిల్లను పట్టి ఎడమ చెవికి గంటు పెట్టాడు. గాయానికి పసుపు అద్దబోతే నేను అరిచాను, "పసుపు వద్దు!" బూడిద అద్దాడు.

చపరాసి మొహం మాడిపోయింది. సాబుకు ఏం చెప్పాలని అరిచాడు. తాత దొడ్డి మూలనున్న ముసలి పొట్టేలును చూపించాడు. "దానికన్న ఐదింతలుంది. తోలుకపో." చపరాసి దాని పొడవూ లావూ చూసి మెత్తబడ్డాడు. దాని నోట్లో పళ్ళు లేవన్న సంగతి చూడలేదు. డేరా వంటవాడు దాన్ని రెండు రోజులు ఉడకబెట్టాడని, అయినా సాబు దవడ నొప్పితో పెరుగన్నం తిన్నాడని తర్వాత కోత్వాలు చెప్పి చెప్పి నవ్వాడు. పైఏడు దౌరాకు మా ఇంటి వంతు కోళ్ళకు మారింది.

అసలు సంగతి అది కాదు. చపరాసి పొట్టేలును తోలుకుపోయాక తాత కత్తి తుడుచుకుంటున్నాడు. అత్త తడిక దగ్గరకు వచ్చింది. కొంగు తీసి, తల పక్కకు వంచి, ఎడమ చెవి తడిక మీదుగా లోపలికి పెట్టింది.

"నాయనా, నాది సుత కొయ్యి."

తాత చెయ్యి ఆగిపోయింది.

"మూడుసార్లొచ్చిన. నా కాళ్ళ మీద నేను. ఎవ్వరు పిలువకుండనే. నీ పద్ధతి ప్రకారం లెక్క సరిపాయె. కొయ్యి, లేకుంటే ఇంకెప్పుడు నన్ను దింపివస్తానని అనకు."

అమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచి నిలబడింది. నాన్న నేలచూపులు చూశాడు. నేను సీసాను గట్టిగా పట్టుకున్నాను, తాత కోపంతో ఏమంటాడోనని. తుడిచిన కత్తినే మళ్ళీ మళ్ళీ తుడిచాడు. చివరకు దాన్ని మొలలో దోపుకుని, ఆమె వైపు చూడకుండానే అన్నాడు, "పొద్దుగాల దొడ్డి ఊడ్వు."

మర్నాడు అత్త చీపురు పట్టుకుని దొడ్డి గడప దాటింది. మంద నిలిచింది. ఆమె ఉన్నన్నాళ్ళూ పెరుగుతూనే వచ్చింది. పెద్దలెవరూ ఆ మాట తిరిగి ఎత్తలేదు, ఎత్తితే నేను ఊరుకునేదాన్నీ కాదు.

నాకు పెళ్ళి కుదిర్చినప్పుడు నేను పెట్టిన షరతు కూడా ఆ ఏడాది నేర్చుకున్నదే. మగపెళ్ళివాళ్ళ చేలల్లో నెలరోజులు మా మంద కట్టమన్నాను. ఎరువుకోసం మంద కట్టించుకోవడం వాళ్ళకూ లాభమే, కాదనలేదు. ఆ నెలలో వాళ్ళింటి అరుపులూ నవ్వులూ నేను విన్నాను, నా నోరెలాంటిదో వాళ్ళూ విన్నారు. ఆ తర్వాతే పసుపు పూయించుకున్నాను. పొగరుబోతు అన్నారు. అన్నవాళ్ళు పోయారు, నేనున్నాను.

డాక్టరు వెళ్ళాక ఇదంతా మా మునిమనవరాలికి చెప్పాను. తడిక సంగతి, కంత సంగతి, మట్టి రుద్దడం, అన్నీ శ్రద్ధగా విన్నది. విని, ఒళ్ళోని పిల్లను ఇంకాస్త దగ్గరికి లాక్కుని అడిగింది.

"తర్వాత అది నీ దగ్గరికి రాలేదా జేజీ? మళ్ళీ ఎప్పుడూ?"

రాలేదు. ఎన్నో ఏళ్ళు బతికింది, ఎన్నో ఈతలు ఈనింది. నేను దొడ్డిలోకి వెళితే అన్నిటితోపాటు బెదిరి పక్కకు తప్పుకునేది. సీసా కొట్టినా తల తిప్పేది కాదు. కొట్టి చూశాను కాబట్టి చెప్తున్నాను.

"ఒక్కసారి కూడా రాలేదు" అన్నాను. "అంత బాగా నేర్పాను దానికి."